యూరిడిసీ మూడోసారి చచ్చిపోయిన మధ్యాహ్నం

ఇది మహాకావ్యం. ఇందులో పాము కాటుంది, పాతాళలోకముంది, మూడు తలల కుక్క ఉంది, చచ్చిపోయిన పెళ్లాం కోసం యముడి గుమ్మం దాకా నడిచి వెళ్లి పాట పాడిన మొగుడున్నాడు. ఇలా మొదలుపెడితే మీరు కాస్త సర్దుకుని కూర్చుంటారని నా ఆశ. నిజం చెప్పాలంటే పాము ఒక పాత తోట గొట్టం ముక్క, పాతాళంలోని నది నీలం దుప్పటి, మూడు తలల కుక్కకి రెండు తలలే వచ్చాయి. మూడో తల వేయాల్సిన అబ్బాయికి ఆ రోజు బేస్‌బాల్ మ్యాచ్ ఉంది. ఇదంతా జరిగింది నేపర్‌విల్‌లో, ఒక హైస్కూల్ ఆడిటోరియంలో, ఆదివారం మధ్యాహ్నం. మొత్తం గంటా పది నిమిషాలు. అందులోనూ నేను చెప్పబోయేది ఒక్క మాట గురించి. ఆ ఒక్క మాట కోసం మా ఇంట్లో మూడు వారాలు ఎవరికీ సరిగ్గా అన్నం సహించలేదు.

పోయిన నెల అమ్మానాన్నలు ఆ ఇల్లు అమ్మేసి మెట్లు లేని ఇంటికి మారుతుంటే, బేస్‌మెంట్ ఖాళీ చేయడానికి వెళ్లాను. పనిచేయని మోడెంలు, ఒంటి చేతి గ్లవ్స్, పెరుగు డబ్బాలు వేసిన పెరుగు డబ్బాలు. వాటి అడుగున ఒక స్పైరల్ నోటుబుక్కు దొరికింది. అట్ట మీద మా తాతయ్య గుండ్రటి చేతిరాతలో 'ఆర్ఫియస్ - హార్మనీ కాపీ' అని ఉంది. లోపలంతా తెలుగు అక్షరాల్లో ఇంగ్లీషు. 'గివ్ హర్ బ్యాక్ టు మీ' అని ఒక లైను, దాని నెత్తి మీద పెన్సిల్‌తో సరిగమలు. నాకు తెలుగు చదవడం ఆ పుస్తకంతోనే వచ్చింది. అంటే నేను మొట్టమొదట చదివిన తెలుగు ఇంగ్లీషు. నా చదువులో తర్వాత వచ్చిన లోపాలకి మూలం అక్కడే ఉందని అమ్మ ఉద్దేశం. దుమ్ములో, మెట్టు మీద కూర్చుని దాన్ని చివరిదాకా చదివాను. ఇరవై ఐదు పేజీలకి ఇద్దరు మూవర్స్‌ని గంటసేపు ఖాళీగా నిలబెట్టాను.

అప్పట్లో మా ఇంటి పొద్దులు గొంతు సవరించుకోవడంతో మొదలయ్యేవి. నాన్న స్టేషన్‌కి వెళ్లి షికాగో రైలెక్కే ముందు బేస్‌మెంట్‌లో నిలబడి ఆఫీస్ కాల్‌కి రిహార్సల్ వేసుకునేవాడు. "గుడ్ మార్నింగ్ ఎవ్రీవన్, క్విక్ అప్‌డేట్ ఫ్రమ్ మై సైడ్." మూడుసార్లు, మూడు రకాలుగా. ఒకసారి 'క్విక్' మీద ఒత్తి, ఒకసారి 'మై' మీద. గ్రీన్‌కార్డ్ ఇంకా రాలేదు, మేనేజర్ కొత్తవాడు, ఏ మాట ఎలా వినపడుతుందోనని బెంగ. ఆ గొంతు హీటర్ గొట్టంలోంచి పైకి వచ్చి వంటింట్లో తిరగమోతతో కలిసేది. తిరగమోత అంటే మా ఇంట్లో చిన్న యుద్ధ సన్నాహం. అమ్మ ముందు అన్ని గదుల తలుపులూ మూసేది, చలి కోట్లన్నీ గరాజ్‌లోకి తరలించేది, కుర్చీ ఎక్కి పొగ అలారానికి హోటల్లో తెచ్చుకున్న షవర్ క్యాప్ తొడిగేది. ఆ తర్వాతే ఆవాలు. ఇంత చేసినా నా స్వెటర్ ఇంగువ వాసన కొట్టేది. క్లాసులో నా పక్క పిల్ల అది ఏదో ఖరీదైన అత్తరు అనుకుంది. నేను కాదనలేదు.

అన్నయ్య కార్తీక్‌కి నత్తి. పన్నెండో తరగతి చదివేవాడు, నేను ఎనిమిది. వాడి మాట సినిమాల్లో హాస్యగాళ్లలా నోట్లో దొర్లేది కాదు, గొంతులో నిలబడిపోయేది, గుమ్మంలో చెప్పులు కనపడక ఆగిపోయిన మనిషిలా. మనిషి అక్కడే ఉన్నాడని తెలుస్తుంది, బయటికి రాడు. అమ్మ ఇండియా నుంచి వసకొమ్ము తెప్పించి, సాన మీద అరగదీసి, తేనెలో కలిపి ప్రతి మంగళవారం వాడి నాలుక మీద రాసేది. ఆ ఘాటు వాసన ఇప్పటికీ నాకు మంగళవారం వాసన. నాన్న వైద్యం వేరు. వాడు ఆగిన చోట తను అందుకునేవాడు. వాడు "నాకు ప… ప…" అంటే, "పప్పా? పచ్చడా? పెరుగా? ఇదిగో పెరుగు" అనేవాడు, క్విజ్ ప్రోగ్రాంలో బజర్ నొక్కినట్టు. ప్రేమతోనే. చాలాసార్లు తప్పు చెప్పేవాడు. అన్నయ్య ఆ ఇంట్లో తనకి అక్కర్లేని పెరుగు చాలా తిన్నాడు.

స్కూల్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. చిన్న స్కూల్లో ఉన్నప్పుడు స్పీచ్ టీచర్ దగ్గరికి వెళ్లేవాడు, హైస్కూల్‌కి రాగానే ఇక వద్దని మానేశాడు. ఆ తర్వాత మాట్లాడటమే మానేశాడు. అమెరికాలో ఇండియన్ పిల్లాడు క్లాసులో నోరు విప్పకపోతే ఎవరూ కంగారుపడరు, తెలివైనవాడు అనుకుంటారు. పాడేటప్పుడు మాత్రం వాడికి ఎక్కడా మాట ఆగేది కాదు. కాబట్టి కోయిర్‌లో చేరాడు. ఆ ఏడు కోయిర్ టీచర్ మిస్ డోనొవాన్ గ్రీకు కథ మీద ఒపేరా వేయిస్తున్నానంది. అన్నయ్య ఆడిషన్‌కి వెళ్లి ఆర్ఫియస్ పాత్ర కొట్టుకొచ్చాడు. ఆ సాయంత్రం వాడి మొహం నాకింకా గుర్తే.

"బుజ్జీ, ఇందులో ఎవరూ మాట్లాడరే," అన్నాడు. "త… తలుపు తీయమన్నా పాడతారు. మొత్తం పాటే."

"అంటే నువ్వు లైఫ్ అంతా ఒపేరాలో ఉండాల్సినవాడివి," అన్నాను.

"షటప్," అన్నాడు. ఆ మాట ఎప్పుడూ తడబడేది కాదు.

తాతయ్య అప్పుడే ఆరు నెలల వీసా మీద వచ్చాడు. అమ్మ వాళ్ల నాన్న. తెనాలి దగ్గర పంచాయతీ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. అది పగటి సంగతి. అసలు వృత్తి పద్యనాటకాలకి హార్మనీ వాయించడం. విమానంలో హార్మోనియం తేనివ్వలేదని వచ్చిన మొదటి వారమంతా బాధపడ్డాడు, తర్వాత నా బొమ్మల కీబోర్డు మీద చేయి వేశాడు. దాని మీద ఏ మీట నొక్కినా వెనక డ్రమ్స్ మోగేవి. పొద్దున్నే హీటర్ జాలీ మీద కాళ్లు పెట్టుకుని, శాలువా కప్పుకుని, డ్రమ్స్‌తో సహా మోహన రాగం వాయించేవాడు. ముక్కుపొడుం అమ్మ మాన్పించింది కానీ అలవాటు చేయి మానలేదు. మాట మధ్యలో ఆగి, రెండు వేళ్లూ ముక్కు దాకా తీసుకెళ్లి, ఏమీ లేదని గుర్తొచ్చి దించేవాడు.

అన్నయ్య గదిలో ఒపేరా సీడీ మోగుతుంటే తాతయ్య తలుపు దగ్గర నిలబడి విన్నాడు. "ఇది మన నాటకమే కదరా! భాష తెలీదు గానీ, రాగం తీసి నిలబెట్టాడు చూడు. కథేంది?"

అన్నయ్య మొదలుపెట్టాడు, నాన్న పూర్తిచేశాడు. ఆర్ఫియస్ గొప్ప గాయకుడు. పెళ్లాం యూరిడిసీ పాము కరిచి చనిపోతుంది. పాతాళానికి వెళ్లి పాడితే అక్కడి రాజు కరిగిపోయి ఆమెని తీసుకెళ్లమంటాడు. ఒకటే షరతు, పైకి చేరేదాకా వెనక్కి తిరిగి ఆమెని చూడకూడదు. ఇతను చూస్తాడు. ఆమె మళ్లీ పోతుంది.

తాతయ్య వేళ్లు ముక్కు దాకా వెళ్లి ఆగాయి. "యముడిచ్చిన వరాన్ని చేతకాక పోగొట్టుకున్నాడా? మన కథలో ఆడమనిషి మాటల్లో పెట్టి మొగుణ్ణి వెనక్కి తెచ్చుకుంది. వీడికి పాటొచ్చి కూడా ఏం లాభం? చివర మంగళం లేకుండా తెర దించితే జనం ఊరుకుంటారా?"

ఊరుకోలేదట, ఆ సంగతి మిస్ డోనొవానే పిల్లలకి చెప్పింది. ఒపేరాలు రాజుల పెళ్లిళ్లకి వేయించేవాళ్లు కాబట్టి, పెళ్లిలో పెళ్లాం చచ్చిపోయే కథేమిటని ఒకరు ఆఖర్న దేవుణ్ణి దింపి ఆమెని బతికించారు, ఇంకొకరు ఆర్ఫియస్‌నే ఆకాశానికి ఎక్కించారు. ఈ గ్రీకు కథలు ఎవరి చేతిలో పడితే వాళ్లు తమ అవసరానికి కత్తిరించుకున్నారు. మా స్కూల్ కూడా కత్తిరించుకుంది. యూరిడిసీ చచ్చిపోతుంది, అంతే. సుఖాంతానికి రిహార్సల్ టైమ్ చాలలేదు.

రెండో కత్తిరింపు ప్రదర్శనకి మూడు వారాల ముందు పడింది. పాటకీ పాటకీ మధ్య కథ నడిపే భాగాన్ని గాయకుడు తన ఇష్టానికి సాగదీస్తూ, మాట్లాడుతున్నట్టే పాడతాడు. వాయించేవాళ్లు అతని వెంట పరుగెత్తాలి. మా స్కూల్ వయొలిన్లు ఎవరి వెంటా పరుగెత్తలేవు. అవి ఒకదానికొకటే దొరికేవి కావు. అందుకని మిస్ డోనొవాన్ ఆ భాగాలన్నీ తీసేసి మాటలు చేసింది. పాటలు పాడాలి, మధ్యలో మామూలుగా మాట్లాడాలి. అన్నయ్య ఆ రోజు ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా గరాజ్ తలుపు దగ్గరే కూర్చున్నాడు. చేతిలో కొత్త కాగితాలు. వాటి మీద పసుపు గీతలు పెట్టిన లైన్లు లెక్కపెట్టాను, పదకొండు. ఆఖరిది ఒక్క పేరు. పాతాళం మెట్లెక్కి వస్తూ, వాయిద్యాలన్నీ ఆగిపోయిన నిశ్శబ్దంలో, జనం వైపు చూస్తూ "యూరిడిసీ" అని పిలవాలి. పిలిచి వెనక్కి తిరగాలి. ఆ పిలుపు వింటేనే వెనకున్న పిల్ల పడిపోవాలి.

"నేను మీ టీచర్‌కి ఫోన్ చేస్తా," అన్నాడు నాన్న, అప్పటికే ఫోన్ మూత తెరిచి. "ఎక్స్‌ప్లెయిన్ చేస్తా. ఇందులో తప్పేముంది?"

"వద్దు."

"అది కాదురా, ఆవిడకి తెలిస్తే…"

"తెలిస్తే లై… లై…"

"లైట్ తీసుకుంటుందంటావా?"

అన్నయ్య కళ్లు మూసుకుని తెరిచాడు. "లైన్లు కోయిర్‌లో బ్రాండన్‌కిస్తుంది. వాడు పక్కన ని… నిలబడి చదువుతాడు. నేను బొమ్మలా నోరు మూసుకుని… వద్దు నాన్నా. ప్లీజ్."

నాన్న ఫోన్ మూశాడు. అమ్మ ఆ రాత్రి సాంబార్‌లో ఉప్పు రెండుసార్లు వేసింది. అది ఎత్తి చూపింది నేనొక్కదాన్నే.

మర్నాడు తాతయ్య నన్ను పిలిచి, కొత్త నోటుబుక్కు కొనిపించి, ఆ పదకొండు లైన్లతో పాటు పాటలన్నీ చదవమన్నాడు. నేను ఇంగ్లీషులో చదివాను, ఆయన తెలుగులో రాసుకున్నాడు. తర్వాత కీబోర్డు ముందు కూర్చుని అన్నయ్యని నిలబెట్టాడు. "ఒరేయ్, మా కంపెనీలో ఒకాయన ఉండేవాడు. రాజు వేషం. స్టేజీ మీద పద్యం మర్చిపోయేవాడు. ఏం చేసేవాడో తెలుసా? రాగం తీసేవాడు. ఆ… అని. ప్రాంప్టరు పేజీ వెతుక్కునేదాకా తీసేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్లు, ఆహా ఎంత ఆలాపన అని. నేను కింద నుంచి శ్రుతి ఇస్తా ఉండేవాణ్ణి. మాట ఆగితే ఆగనీ. శ్రుతి పట్టుకో. మాట దాని వెనకే వస్తది."

పనిచేసింది. అందుకే భయం వేసింది నాకు. తాతయ్య ఒక స్వరం నొక్కుతాడు, అన్నయ్య దాన్ని గొంతులో పట్టుకుని, దాని మీదుగా మాటలోకి జారతాడు. సగం పాట, సగం మాట. పదకొండు లైన్లూ బయటికొచ్చాయి, వెనక డ్రమ్స్‌తో. అమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చి వింది. నాన్న మొదటిసారి ఒక్క మాటా అందుకోలేదు, అందుకోవడానికేమీ మిగల్లేదు కాబట్టి. రెండు వారాలు రోజూ సాయంత్రం ఇదే. అన్నయ్య స్నానాల గదిలో, బస్సులో, హోంవర్క్ మీద ఒక సన్నటి శ్రుతి లాగుతూ తిరిగేవాడు. ఫ్రిజ్ చెడిపోయిందేమోనని అమ్మ రెండుసార్లు చూసింది.

రిహార్సల్లో మిస్ డోనొవాన్ ఆపేసింది. "కార్తీక్, అది చర్చిలో ప్రార్థనలా ఉంది. పాడొద్దు. మాట్లాడు. ఇంట్లో మీ నాన్నతో ఎలా మాట్లాడతావో అలా," అందట. ఇంట్లో నాన్నతో ఎలా మాట్లాడతాడో ఆవిడకి తెలియదు పాపం. మిగిలిన రిహార్సల్స్‌లో వాడు గొంతు నొప్పి అని చెప్పి డైలాగులు పెదాలతోనే కదిపాడు. గొంతు దాచుకుంటున్నాడని, నిజమైన కళాకారుడని ఆవిడ మెచ్చుకుంది. అలా ఆదివారం వచ్చింది. ఆ పదకొండు లైన్లు వాడి నోటి నుంచి ఎలా వస్తాయో, అసలు వస్తాయో రావో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. ఆ పొద్దున అమ్మ వసకొమ్ము తీసింది. అన్నయ్య మారుమాట్లాడకుండా నాలుక చాపాడు.

మేం రెండో వరసలో కూర్చున్నాం. తాతయ్య కోటు మీద శాలువా, నాన్న ఆఫీస్ ఇంటర్వ్యూ టై. మొదటి పది లైన్లు శ్రుతి పట్టుకునే లాక్కొచ్చాడు. మిస్ డోనొవాన్ భుజాలు ప్రతిసారీ కాస్త పైకి లేవడం వెనక నుంచి కనపడుతూనే ఉంది. ఒక్కొక్క లైనూ దాటుతుంటే నేను వేళ్లు మడుస్తున్నాను. రెండు తలల కుక్క నిద్రపోయింది, పాతాళపు రాజు కరిగాడు, నీలం దుప్పటి మీదుగా ఇద్దరూ నడిచి వచ్చారు. అన్నయ్య ముందు, తెల్ల గౌనులో మేగన్ అనే పిల్ల వెనక. వయొలిన్లు ఆగిపోయాయి. అన్నయ్య జనం వైపు చూశాడు. నోరు తెరిచాడు.

ఏమీ రాలేదు.

ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. మా భోజనాల బల్ల దగ్గర ఎన్నిసార్లు విన్నానో. కానీ మూడు వందల మంది మధ్య, మైకుతో సహా, ఎప్పుడూ వినలేదు. మెడ నరం బిగుసుకుంది, గడ్డం పక్కకి లాగుతోంది, శ్రుతి కూడా దొరకడం లేదు. మేగన్ వెనక ఒంటికాలి మీద, పడిపోవడానికి సిద్ధంగా, పడిపోలేక. "యూరిడిసీ," అనేశాడు నాన్న. గుసగుసగానే, కానీ మా వరసంతా విన్నారు. అమ్మ ఆయన చేయి గట్టిగా పట్టుకుంది. అప్పుడు నా ఎడమ పక్క నుంచి "ఆ…" అని ఒక స్వరం లేచింది. తాతయ్య. కళ్లు మూసుకుని, తొడ మీద వేళ్లు మీటల్లా ఆడిస్తూ, కింద నుంచి శ్రుతి ఇస్తున్నాడు. వేషధారి ఆగిపోతే హార్మనీ మనిషి ఊరుకోకూడదు. ముందు వరసలో తలలన్నీ వెనక్కి తిరిగాయి. అన్నయ్య ఆ స్వరం అందుకున్నాడు. "యూ…రి…డి…సీ" అని నాలుగు మెట్లూ ఎక్కి పాడేశాడు, తిరిగాడు. మేగన్ ఎంతో ఉపశమనంతో చచ్చిపోయింది.

ఆ తర్వాత వచ్చే ఏడుపు పాటని వాడు పాడిన తీరు నేను చెప్పలేను. భయం దాటినవాడి పాట అది. హాల్లో ఒక్క దగ్గు లేదు. అంతా అయిపోయిందని, ఇక బతికిపోయామని నేను ఊపిరి వదిలాను. పాట ముగిసింది. చప్పట్లు. తాతయ్య లేచి నిలబడ్డాడు. శాలువా జారిపోయింది. రెండు చేతులూ పైకెత్తి, తెనాలి పక్క ఊళ్లలో నలభై ఏళ్లుగా విన్న కేక వేశాడు.

"వన్స్ మోర్!"

మన పద్యనాటకంలో అది మర్యాద. పద్యం బాగుంటే జనం వన్స్ మోర్ అంటారు, పాత్ర చచ్చిపోయి ఉన్నా లేచి మళ్లీ పాడుతుంది, పాడి మళ్లీ చచ్చిపోతుంది. ఎవరూ తప్పు పట్టరు. నేపర్‌విల్ జనానికి ఇది కొత్త. ముందు నవ్వారు, తర్వాత వాళ్లకీ నచ్చింది. వెనక వరసల్లో పిల్లలు అందుకుని "వన్స్ మోర్, వన్స్ మోర్" అని కాళ్లతో నేల దంచారు. మిస్ డోనొవాన్ వెనక్కి తిరిగి చూసింది, మొహం ఎర్రగా, ఆనందంగా. ఆవిడ జీవితంలో ఎవరూ ఎప్పుడూ వన్స్ మోర్ అని ఉండరు. వాయిద్యాల వైపు తిరిగి వేలు చూపించింది. ఇక్కడే వచ్చింది అసలు చిక్కు. మా వయొలిన్లు ఎక్కడ పడితే అక్కడ మొదలుపెట్టలేవు. కాగితాల మీద గుర్తు పెట్టుకున్న చోటు నుంచే ఎత్తుకోగలవు. ఆ గుర్తు ఏడుపు పాట మొదట్లో లేదు. దానికి ముందు, మెట్లెక్కి వచ్చే చోట ఉంది. పిలుపుకి ముందు.

అమ్మకి అర్థమైంది, నాన్నకి అర్థమైంది. స్టేజీ మీద అన్నయ్యకి అందరికంటే ముందు అర్థమైంది. మేగన్ లేచి, గౌను దులుపుకుని, వాడి వెనక్కి వెళ్లి నిలబడింది. నాలుగడుగులు నడిచారు. వయొలిన్లు ఆగాయి. తాతయ్య గుండెల నిండా గాలి పీల్చాడు, శ్రుతి ఇవ్వడానికి. అన్నయ్య ఆయన వైపు చూసి తల చిన్నగా అడ్డంగా ఊపాడు. తాతయ్య గాలి వదిలేసి కూర్చున్నాడు. నోరు తెరిచాడు అన్నయ్య. మళ్లీ అదే నిశ్శబ్దం, అదే మెడ నరం. నేను వాడిని చూడలేక నాన్నని చూశాను. నాన్న పెదాలు 'యూ' అన్న ఆకారంలోకి వచ్చేశాయి. మాట అక్కడే ఉంది, పళ్ల వెనక. ఒకటి, రెండు, మూడు. నాన్న మొహానికి చెమట పట్టింది. నాలుగు, అయిదు. నోరు మూసుకున్నాడు. రెండు పెదాలూ పళ్లతో నొక్కిపెట్టి, కుర్చీ చేతులు పట్టుకుని, చూస్తూ కూర్చున్నాడు.

"యూ… యూ… యూ…" వెనకెక్కడో ఒకడు నవ్వి ఆపుకున్నాడు. "యూ…రిడిసీ."

పాట కాదు, మాట. వాడి మాట, ఇంట్లో నాన్నతో మాట్లాడే మాట. తిరిగాడు. మేగన్ మూడోసారి చచ్చిపోయింది.

లాబీలో కుకీల బల్ల దగ్గర ఒకావిడ అన్నయ్య చేయి పట్టుకుని, ఆ తడబాటు ఎంత గొప్ప నటనో, తన గుండె ఎలా ఆగిపోయిందో చెప్పింది. థ్యాంక్యూ అని ఊరుకుంటే సరిపోయేది. వాడు ఊరుకోలేదు. నటన కాదండీ, నాకు నత్తి, అన్నాడు ఇంగ్లీషులో. నత్తికి ఇంగ్లీషులో ఉన్న 'స్టటర్' అన్న మాట చెప్పడానికే వాడికి అన్నింటికంటే ఎక్కువసేపు పట్టింది. ఆ మాట కనిపెట్టినవాడు ఎవడో గానీ దయలేనివాడు. బల్ల చుట్టూ నమలడం ఆగిపోయింది. మిస్ డోనొవాన్ కప్పు కింద పెట్టింది. "నాలుగేళ్లు, కార్తీక్. ఒక్కసారైనా చెప్పలేదేం?" "మీరు అ… అ… అడగలేదు," అన్నాడు. అది నిజమే. నేను కుకీ తిన్నాను. ఎవరో ఒకరు తినాలి కదా.

నత్తి తగ్గలేదు, ఇది ఆ రకం కథ కాదు. అన్నయ్య ఇప్పుడు మోరిస్‌విల్‌లో ఒక టీమ్‌ని నడుపుతున్నాడు. మీటింగ్ మొదట్లోనే, నేను ఆగుతాను, మీరు ఆగండి, అని చెప్పేస్తాడట. వాడి కూతురి స్కూల్లో అయితే ఇలాంటిదానికి ఆరు ఈమెయిళ్లు, రెండు ఫారాలు, ఒక కమిటీ ఉండేవి. మాకు ఉన్నది ఒక కీబోర్డు, ఒక వసకొమ్ము. ఏది మేలో నాకు నిజంగా తెలియదు. ఆ మూడు వారాల భయం ఇప్పటి పిల్లలకి వద్దనే అనిపిస్తుంది, అంతలోనే ఆ శ్రుతి వాళ్లకి ఎవరిస్తారనీ అనిపిస్తుంది. తాతయ్య పోయి చాలా ఏళ్లయింది. నాన్నకి ఈమధ్య పేర్లు గుర్తు రావడం లేదు. ఫోన్‌లో మాట మధ్యలో ఆగిపోతాడు. నేను చప్పున అందించేస్తాను, సగంసార్లు తప్పుగా. అన్నయ్య అందించడు. ఎంతసేపైనా ఫోన్ పట్టుకుని ఆగుతాడు. వాడి ఫోన్ వస్తే నాన్న కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చుంటాడు.

ఆ రోజు ఇంటికి వస్తూ కార్ అన్నయ్యే డ్రైవ్ చేశాడు, నాన్న తాళాలు వాడి చేతిలో పెట్టాడు కాబట్టి. తాతయ్యకి ఆకలేసింది. దారిలో అన్నయ్య ఒక బర్గర్ కొట్టు డ్రైవ్-త్రూలోకి తిప్పాడు, కార్ దిగకుండానే ఆర్డరిచ్చే చోటికి. మేం మామూలుగా వెళ్లినప్పుడు కార్ ఎవరు నడిపినా ఆర్డర్ నాన్నే చెప్పేవాడు, పక్క సీట్లోంచి అడ్డంగా వంగి, అద్దంలోంచి అక్కడుండే మైకు పెట్టెలోకి అరిచి. ఈసారీ వంగబోయాడు. సగం వంగి, సీటు బెల్టు సర్దుకుంటున్నట్టు మళ్లీ వెనక్కి ఆనుకున్నాడు. అన్నయ్య అద్దం దించాడు.

"క… క… క్యాన్ ఐ గెట్ ఫై… ఫైవ్…"

వెనక ఒక కార్, దాని వెనక ఇంకొకటి. హారన్ కొట్టారు. అమ్మ వెనక్కి తిరిగి ఆ కార్‌ని చూసిన చూపుకి మళ్లీ హారన్ మోగలేదు. నాన్న ముందున్న అద్దంలోంచి ఎదురుగా ఉన్న చెత్తడబ్బాని ఎంతో శ్రద్ధగా చూస్తున్నాడు. అయిదు ఫ్రైస్. మూడు కోక్‌లు. చక్కెర లేకుండా ఒక కాఫీ, తాతయ్యకి. ఒక్కో మాటా గుమ్మం దాకా వచ్చి, ఆగి, చెప్పులు వేసుకుని, బయటికొచ్చింది. ఎంతసేపు పట్టిందో నేను లెక్కపెట్టలేదు. ఎవరూ అందుకోలేదు. ఆఖర్న "దట్స్ ఇట్" అని, స్టీరింగ్ మీద నుదురు ఆనించి, నవ్వాడు.

"భేష్," అన్నాడు తాతయ్య.

పెట్టెలోంచి జవాబు రాలేదు. కాసేపు చూసి ముందుకి వెళ్లాం. ఆ పెట్టె పొద్దుటి నుంచీ పనిచేయడం లేదట. ఆర్డర్లు కిటికీ దగ్గరే తీసుకుంటున్నారట.